గడియ పడిందా, చెయ్యి శుభ్రమేనా? వదలని అనుమానానికి వైద్యం
(పాఠకుల ప్రశ్నలు – మానసిక వైద్యుల జవాబులు)

ఈసారి ఉత్తరాలు చాలావరకు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచే వచ్చాయి. రాసినవాళ్ళు వేరు, పైకి కనిపించే బాధలు వేరు. లోపలి జబ్బు మాత్రం అందరిదీ ఒకటే: ఓసీడీ, అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. రాసినవారి పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

ప్రశ్న: మా అత్తగారికి 58 ఏళ్ళు. మొదటి నుంచీ మడీ ఆచారం ఉన్న మనిషే. మామగారు పోయాక, రెండేళ్ళుగా అది మితిమీరింది. స్నానానికి రెండు గంటలు పడుతోంది. కూరగాయలు సర్ఫ్ నీళ్ళలో కడుగుతున్నారు. రైతుబజారు నుంచి తెచ్చిన చిల్లర నాణేలు కూడా కడిగి ఆరబెడుతున్నారు. పిల్లలు బడి నుంచి వస్తే గుమ్మంలోనే బట్టలు విప్పాలి. చేతులు పగిలి నెత్తురొస్తున్నా ఆపరు. "అమ్మది ఆచారం, నీకు తెలీదు" అంటారు మావారు. ఇది చాదస్తమా, జబ్బా?
– ఒక కోడలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీవారి మాటకే వద్దాం. మడి కట్టుకోవడం జబ్బు కాదు. మడికి మొదలూ తుదీ ఉంటాయి. తడిబట్ట ఆరేసుకుని, వంట చేసి, నైవేద్యం పెట్టి, భోజనం అయ్యాక మడి విడుస్తారు. ఆ నియమం ఆవిడ కల్పించుకున్నది కాదు, ఇంట్లో పెద్దల నుంచి వచ్చింది. పాటించాక మనసు నిమ్మళిస్తుంది. జబ్బులో ఇవేవీ ఉండవు. నియమం నెలనెలా పెరుగుతుంది. నిన్న మూడు చెంబులు చాలినచోట ఇవాళ ముప్పై చాలవు. చిల్లర కడగమని ఏ ఆచారమూ చెప్పలేదు. అత్తగారితో పాటు మడి పాటించిన తోడికోడళ్ళో వదినగార్లో ఉంటే, "వీళ్ళంతా ఇలాగే చేస్తున్నారా?" అని మీవారిని ఒక్కసారి చూడమనండి. తేడా ఆయనకే తెలుస్తుంది.

జబ్బు నడిచే తీరు ఇది. "అంటుకుంది" అన్న ఆలోచన పిలవకుండా వస్తుంది. దాంతో గుండె దడ, అసహ్యం, ఏదో కీడు జరుగుతుందన్న భయం. కడుక్కుంటే కాసేపు ఊరట. ఆ ఊరటే మెదడుకు తప్పు పాఠం నేర్పుతుంది: "కడిగావు కాబట్టి బతికావు." మళ్ళీ ఆలోచన వచ్చినప్పుడు కడగాలన్న తహతహ ఇంకా గట్టిగా ఉంటుంది. ఆలోచనను అబ్సెషన్ అనీ, దాన్ని శాంతింపజేయడానికి చేసే పనిని కంపల్షన్ అనీ అంటారు. ఈ రెండూ కలిసి రోజుకు గంటకు మించి తినేస్తున్నా, లేదా గంటకు తక్కువే అయినా మనిషిని బాగా బాధపెడుతున్నా, ఇంటిపనినీ సంబంధాలనూ చెడగొడుతున్నా దాన్ని ఓసీడీగా లెక్కిస్తారు.

ఆవిడను మెల్లగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కడుక్కున్నాక తృప్తి ఎంతసేపు నిలుస్తోంది? చాలు అని ఎలా తెలుస్తోంది? ఒక్కసారి మానేస్తే ఏమవుతుందని భయం? ఇంత అక్కర్లేదని తనకే ఎప్పుడైనా అనిపిస్తుందా? ఆఖరి ప్రశ్నకు చాలామంది కళ్ళనీళ్ళతో అవునంటారు. అలా అనకపోయినా జబ్బు కాదని కాదు. ఏళ్ళ తరబడి సాగితే తను చేసేదే సరైనదన్న నమ్మకం పాతుకుపోతుంది. తీవ్రత కొలవడానికి డాక్టర్లు యేల్–బ్రౌన్ కొలమానం వాడతారు. అందులో పది ప్రశ్నలు, 40 మార్కులు. 16 నుంచి 23 వస్తే మధ్యస్థం, 24 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రం.

మీ ఉత్తరంలో మరో విషయం మమ్మల్ని ఆపింది. ఓసీడీ ఎక్కువగా పాతికేళ్ళ లోపే మొదలవుతుంది. ఆవిడకు వయసులో ఉన్నప్పుడే కొంత ఉండి, ఇంటి సందట్లో కనబడకుండా పోయిందా అని దగ్గరి బంధువులను అడగండి. నిజంగా 56 ఏళ్ళకే మొదటిసారి వచ్చిందంటే డిప్రెషన్, మతిమరుపు జబ్బు తొలి దశ, మెదడుకు సంబంధించిన ఇతర కారణాలు ఉన్నాయేమో కూడా చూడాలి. భర్త పోయిన తరువాత మొదలైందంటున్నారు కాబట్టి నిద్ర, ఆకలి, ఏడుపు, బతుకు మీద విరక్తి ఎలా ఉన్నాయో డాక్టరుకు తప్పక చెప్పండి.

"సైకియాట్రిస్టు దగ్గరికి పోదాం" అంటే ఆవిడ రాకపోవచ్చు. చేతులు పగిలాయి కదా, ముందు చర్మవైద్యుడికి చూపించండి. అక్కడి నుంచి మానసిక వైద్యుడి దగ్గరికి దారి తేలిక. కడిగిన ప్రతిసారీ చేతులకు వాసన లేని మాయిశ్చరైజరో తెల్ల వాజలీనో రాయమనండి. కూరగాయలకు సర్ఫ్ మాత్రం ఇవాళే ఆపించాలి. దాని అవశేషం కడుపులోకి పోతుంది. పారే నీళ్ళలో కడిగితే సరిపోతుంది.

ప్రశ్న: నాకు 34. మిర్చియార్డులో ఒక కమీషను కొట్లో లెక్కలు చూస్తాను. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ఒక్కోటి పదిసార్లు కూడుతున్నాను. రాత్రి షట్టరు వేశాక చుట్టుగుంట దాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్తాను, తాళం పడిందా అని. బండి మీద వస్తుంటే టైరు కింద చిన్న కుదుపు తగిలినా ఎవరినో గుద్దేశానేమోనని తిరిగి వెళ్ళి రోడ్డంతా వెతుకుతాను. డాక్టరు ఓసీడీ అన్నారు, మాత్రలు రాశారు, ఈఆర్‌పీ కూడా చేయించుకోమన్నారు. అందులో ఏం చేస్తారు? ఇంట్లో సొంతంగా చేసుకోవచ్చా?
– గుంటూరు

జవాబు: ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అంటే భయపడే పరిస్థితిలోకి కావాలనే అడుగుపెట్టి, అలవాటైన సరిచూడటాన్ని ఆపుకోవడం. 1966లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఈ పద్ధతితో రోగులకు నయం చేసి చూపించాడు. ఇవాళ్టికీ ఓసీడీకి మాటల వైద్యాల్లో దీన్ని మించింది లేదు. సాధారణంగా 12 నుంచి 20 సిట్టింగులు పడుతుంది.

మొదట ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మీ జ్ఞాపకశక్తి చెడలేదు. ఒకే తాళాన్ని, ఒకే స్టవ్వును పదేపదే సరిచూసే కొద్దీ ఆ జ్ఞాపకం మసకబారుతుందనీ, దానిమీద నమ్మకం తగ్గుతుందనీ ప్రయోగాల్లో తేలింది. పదోసారి చూసి వచ్చినవాడికి మొదటిసారి చూసినవాడి కంటే అనుమానం ఎక్కువ. కాబట్టి "ఇంకొక్కసారి చూస్తే నిశ్చింతగా ఉంటుంది" అన్న మాట ఎప్పటికీ నిజం కాదు.

పని ఇలా మొదలుపెట్టాలి. వారం రోజులు ఏమీ మార్చకండి, రాసుకోండి. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ఎన్ని గంటలకు, ఏ అనుమానం, ఎన్నిసార్లు చూశారు, ఎన్ని నిమిషాలు పోయాయి, భయం నూటికి ఎంత అన్నవి రాయాలి. వారం తరువాత ఆ రాతల నుంచి మెట్లు కట్టాలి. మీ ఉత్తరాన్ని బట్టి మచ్చుకు ఒక వరస చెప్తున్నాం, అంకెలు మీవి మీరే వేసుకోవాలి. ఇంట్లో ఫ్యాను స్విచ్చు వెనక్కి తిరిగి చూడకుండా గదిలోంచి రావడం 25. చిన్న బిల్లు ఒక్కసారి కూడి పుస్తకం మూసేయడం 40. బీరువా తాళం వేసి లాగి చూడకుండా పడుకోవడం 50. పెద్ద లావాదేవీ టిక్కీల లెక్క కూడి, యజమానికి ఇచ్చే ముందు ఒక్కసారి మాత్రమే సరిచూడటం 60. కొట్టు షట్టరుకు తాళం వేసి, ఒక్కసారి లాగి, తిన్నగా ఇంటికి రావడం 75. పగలు రద్దీలో గుంతల రోడ్డు మీద బండి నడిపి, అద్దంలో వెనక్కి వెతక్కుండా, తిరిగి వెళ్ళకుండా రావడం 90.

నూటికి 30, 40 దగ్గరున్న మెట్టుతో మొదలుపెట్టండి. రోజూ 45 నిమిషాల నుంచి గంట. వారానికోసారి చేస్తే ఎక్కిరాదు. తాళం వేశారు, వచ్చేశారు, భయం 75కి లేచింది. అప్పుడు చేయాల్సింది ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. "తాళం పడే ఉంటుందిలే" అని మీకు మీరు చెప్పుకున్నా అది కూడా సరిచూడటమే. చెప్పుకోవాలంటే "పడి ఉండొచ్చు, పడకపోయి ఉండొచ్చు. ఈ అనుమానం ఉండగానే అన్నం తింటాను" అనుకోండి. భయం చాలామందిలో అరగంట నుంచి గంటన్నరలో దానంతటదే దిగుతుంది. కొన్నిరోజులు దిగదు, అయినా నష్టం లేదు. భయం ఉండగా కూడా సరిచూడకుండా ఉండగలనన్నదే మెదడు నేర్చుకోవాల్సిన పాఠం. ఒక మెట్టు మీద వరసగా నాలుగైదు రోజులు భయం సగానికి తగ్గిందంటే, లేదా ఉన్నా పట్టించుకోకుండా పనిచేసుకోగలుగుతున్నారంటే పైమెట్టుకు వెళ్ళండి.

ఎక్కడ చెడుతుందో చెప్తాం, ఎందుకంటే ఈఆర్‌పీ పని చేయలేదన్నవాళ్ళలో చాలామందికి ఇక్కడే దెబ్బతింటుంది. వెనక్కి వెళ్ళకుండా ఫోనులో తాళం ఫొటో తీసుకుని ఇంటికొచ్చి చూసుకోవడం. కొట్లో కుర్రాడికి ఫోను చేసి "వేశానుగా?" అని అడగడం. దారి పొడవునా తాళం వేసిన దృశ్యాన్ని మనసులో మళ్ళీ మళ్ళీ తిప్పుకోవడం. మర్నాడు పేపర్లో యాక్సిడెంటు వార్తలు వెతకడం. ఇవన్నీ దొంగచాటు కంపల్షన్లు. బయటికి ఆపేసి లోపల సాగిస్తే జబ్బుకు మేత అందుతూనే ఉంటుంది. ఈ అభ్యాసం ముందు ఆల్ప్రజోలాం లాంటి, ఆందోళనను అణిచే మాత్ర వేసుకోవడమూ అంతే. భయం రాకుండా మందుతో నొక్కేస్తే నేర్చుకునే అవకాశమే పోతుంది.

సొంతంగా చేసుకోవచ్చా అంటే, కింది మెట్ల వరకు చేసుకోవచ్చు. బండి మెట్టు మాత్రం శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టుతో కలిసి చేయండి. వైద్యం పేరుతో ప్రమాదకరమైనది ఏదీ చేయించరు. మామూలు మనిషి రోజూ చేసే పనిని మామూలుగా చేయించడమే ఇందులో హద్దు. నిజంగా ఎవరికైనా తగిలితే అరుపు వినబడుతుంది, జనం చేరతారు. అప్పుడు అందరిలాగే ఆగాలి.

ప్రశ్న: విజయవాడ దగ్గర హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుతున్నాను, 17 ఏళ్ళు. కొండ మీద అమ్మవారి గుడికి వెళ్ళినప్పుడు అమ్మవారి గురించి చెప్పుకోలేని పాడు ఆలోచన వచ్చింది. అప్పటి నుంచి దేవుడి పటం చూస్తే అదే. తప్పుకి 21 సార్లు దండం పెట్టుకుంటాను, మధ్యలో మళ్ళీ ఆలోచన వస్తే మొదటి నుంచి. చదివేటప్పుడు కూడా ఒక లైను సరిగ్గా అర్థం కాలేదేమోనని ఇరవైసార్లు చదువుతున్నాను. ఇంట్లో చెప్తే ఏమనుకుంటారో. నేను పాపినా?
– విజయవాడ

జవాబు: కాదమ్మా. ఈ మాట ఒక్కసారే చెప్తున్నాం, మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకోవద్దు. ఎందుకో కింద అర్థమవుతుంది.

పాడు ఆలోచనలు అందరికీ వస్తాయి. పెద్దవాళ్ళకూ వస్తాయి, పూజారులకూ వస్తాయి. వాళ్ళకు అవి వచ్చినట్టే పోతాయి. ఓసీడీలో మాత్రం మనిషి ఆ ఆలోచనకు అర్థం వెతుకుతాడు: "నాకిది ఎందుకొచ్చింది? నేనలాంటిదాన్నా?" ఇంకో సంగతి గమనించు. ఈ జబ్బు ఎప్పుడూ మనిషి దేన్ని ఎక్కువ గౌరవిస్తాడో, ప్రేమిస్తాడో అక్కడే పట్టుకుంటుంది. భక్తి ఉన్నవాళ్ళకు దేవుడి మీద, పసిపిల్ల తల్లికి బిడ్డ మీద. అమ్మవారంటే నీకు లెక్క లేకపోతే ఆ ఆలోచన నిన్ను ఇంత ఏడిపించేది కాదు.

నీ 21 దండాలు కంపల్షన్. లైను మళ్ళీ చదవడమూ కంపల్షనే. ఆలోచనను బలవంతంగా తరిమేయడం, దానికి పోటీగా మంచి ఆలోచన తెచ్చుకోవడం మనసులో జరిగే కంపల్షన్లు. ఎవరూ చూడరు కాబట్టే ఇవి ఏళ్ళ తరబడి బయటపడవు. చికిత్సలో సైకాలజిస్టు నీ చేత ఆ ఆలోచనను రెండు నిమిషాల మాటలుగా నీ గొంతుతోనే ఫోనులో రికార్డు చేయించి, రోజూ అరగంట వినిపించవచ్చు. పటం ముందు నిలబడి ఒక్క దండం పెట్టి, ఆలోచన ఉన్నా సరే వచ్చేయమనవచ్చు. భక్తి మానమని ఎవరూ చెప్పరు. ఇంట్లో అమ్మ ఎన్నిసార్లు దండం పెడుతుందో అంతే పెట్టమంటారు. చదువుకు ఒక పద్ధతి: పేరా మీద అట్టముక్క పెట్టి, చదివిన లైను మీదికి దాన్ని కిందకు జరుపుతూ పో. మూసిన లైను తెరవకూడదు. అర్థం కాకపోయినా పేజీ చివరిదాకా వెళ్ళాలి. మొదట రోజుకు 20 నిమిషాలు ఇలా చెయ్యి, వారానికి పది నిమిషాలు పెంచు.

ఇంట్లో ఆలోచన ఏమిటో చెప్పక్కర్లేదు. "నాకు ఓసీడీ అని అనుమానంగా ఉంది, వచ్చిన ఆలోచనలు వదలడం లేదు, చదవలేకపోతున్నాను, డాక్టరుకు చూపించండి" అంటే చాలు. డాక్టరుకు మాత్రం దాచకు. వాళ్ళు ఇలాంటివి వారం వారం వింటారు. చచ్చిపోవాలనిపిస్తే ఆ రాత్రే వార్డెనుకో ఇంట్లో వాళ్ళకో చెప్పు, లేదా 14416కి ఫోను చెయ్యి. అది టెలి మానస్, ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత లైను. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: పాపకు నలభై రోజులు. కత్తిపీట చూస్తే పాపను ఏదైనా చేసేస్తానేమోనని వణుకు పుడుతోంది. పాపతో ఒంటరిగా ఉండలేకపోతున్నాను, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. నేను రాక్షసినా?
– మంగళగిరి

జవాబు: పురుడయ్యాక ఓసీడీ కొత్తగా మొదలవడం, పాతది ముదరడం తరచూ చూస్తుంటాం. మీకు ఆ ఆలోచన అసహ్యంగా ఉంది, వద్దనుకుంటున్నారు, పాపను కాపాడాలనే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. ఓసీడీలో ఉండే తీరు ఇది. ఇలాంటి తల్లులు ఆ ఆలోచన ప్రకారం చేస్తారన్న భయం అక్కర్లేదు.

దీనికీ ప్రమాదకరమైన జబ్బుకూ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి. రాత్రుళ్ళు అసలు నిద్ర లేకపోవడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడటం, "ఈ పాప మాది కాదు, దయ్యం పట్టింది, దీన్ని ఇలా చేస్తేనే మేలు" అని నమ్మడం, మాట తీరు గజిబిజిగా మారడం, ఒక్కసారిగా అతి సంతోషమో అతి కోపమో – ఇవి కనబడితే అది పురిటి సైకోసిస్. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, పాపను తల్లి దగ్గర ఒంటరిగా ఉంచకూడదు.

మీ ఉత్తరంలో అవేవీ లేవు. అయినా ఉత్తరం చూసి నిర్ధారించడం వేరు, మనిషిని చూసి నిర్ధారించడం వేరు. ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. పాపకు మీ పాలు ఇస్తుంటే ఆ సంగతి చెప్పండి. పాలిచ్చే తల్లులకు సెర్ట్రలిన్ ఎక్కువగా వాడతారు, పాలలోకి వెళ్ళేది చాలా తక్కువ. మీ అమ్మగారు పనిలో సాయం చేయాలి, కాపలా మాత్రం కాయకూడదు. కాపలా కాసే కొద్దీ "నేను ప్రమాదకరం" అన్న నమ్మకం గట్టిపడుతుంది.

ప్రశ్న: ఫ్లూఆక్సెటిన్ 20 మిల్లీగ్రాములు మూడు వారాలు వాడాను. వికారం తప్ప ఏం లేదు. ఆపేశాను. మందు మార్చాలా? జీవితాంతం వాడాలా?
– తెనాలి

జవాబు: మీరు మందు పనిచేసే చోటికి చేరకముందే దిగిపోయారు. ఓసీడీలో మాత్రల గురించి జనానికి చేరని సంగతులు రెండున్నాయి. మోతాదు డిప్రెషన్‌కు వాడేదానికంటే తరచూ ఎక్కువ కావాలి. సమయం కూడా ఎక్కువే కావాలి. 8 నుంచి 12 వారాలు వాడాలి, అందులోనూ చివరి నాలుగు నుంచి ఆరు వారాలు మీకు పడే గరిష్ఠ మోతాదు మీద ఉండాలి. అప్పుడే ఆ మందు పనిచేసిందీ లేనిదీ తేలుతుంది.

పెద్దవాళ్ళలో ఫ్లూఆక్సెటిన్ 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 40, 60, అవసరమైతే 80 వరకు వెళ్తారు. సెర్ట్రలిన్ 50తో మొదలై 200 దాకా. ఫ్లూవోక్సమిన్ 50తో మొదలై 300 దాకా. ఎస్సిటాలోప్రాం 10, 20. ఈ కోవ మందులన్నిటినీ ఎస్ఎస్ఆర్ఐలు అంటారు. వీటిలో ఒకదానికంటే ఇంకొకటి గొప్పదని లేదు, మీ ఒంటికి ఏది సరిపడుతుందన్నదే లెక్క. మోతాదు పెంచేది డాక్టరే. మీ ఊరి మందుల కొట్టులో పాత చీటీ చూపించి పెంచుకోకండి.

వికారం మొదటి ఒకటి రెండు వారాల్లోనే ఎక్కువ. తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. ఫ్లూఆక్సెటిన్‌తో నిద్ర పట్టకపోతే పొద్దున వేసుకోవాలి. లైంగిక కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం చాలామందికి జరుగుతుంది. సిగ్గుపడి చెప్పకుండా మందే ఆపేస్తారు, ఇది మాకు బాధ కలిగించే సంగతి. డాక్టరుకు చెబితే మోతాదు సర్దడానికో, మందు మార్చడానికో దారి ఉంటుంది. 25 ఏళ్ళలోపు వాళ్ళలో మొదటి వారాల్లో చిరాకు, అస్థిమితం, చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవాళ్ళు గమనించాలి. నొప్పులకు ట్రమడాల్ రాసే డాక్టరుకూ, ఇబుప్రొఫెన్ రోజూ వాడమనే డాక్టరుకూ మీరు ఈ మందు మీద ఉన్నట్టు చెప్పండి. మొదటిదానితో సెరోటోనిన్ మితిమీరే ప్రమాదం, రెండోదానితో కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం ఉంది.

రెండు ఎస్ఎస్ఆర్ఐలు పూర్తి మోతాదులో, పూర్తి కాలం వాడినా ఫలితం లేకపోతే క్లోమిప్రమిన్ ఉంది. పాత మందు, గట్టిది. నోరెండటం, మలబద్ధకం, మగత ఎక్కువ. గుండె లయ చూడటానికి ముందుగా ఈసీజీ తీయిస్తారు, 250 మిల్లీగ్రాములు దాటనివ్వరు. కొందరికి ఎస్ఎస్ఆర్ఐకి తోడుగా కొద్ది మోతాదులో రిస్పెరిడోన్ గానీ అరిపిప్రజోల్ గానీ కలుపుతారు. చీటీ మీద "సైకోసిస్ మందు" అని చూసి బెదిరిపోకండి, ఇక్కడ దాని పని వేరు. ఆల్ప్రజోలాం, క్లోనజిపాం మాత్రం ఓసీడీని తగ్గించవు. నెలల తరబడి అవే రాస్తుంటే కారణం అడగండి.

జీవితాంతమా అన్నదానికి జవాబు: బాగున్నాక కనీసం ఒకటి రెండేళ్ళు అదే మోతాదు మీద ఉండాలి. తరువాత ఒకటి రెండు నెలలకోసారి పావు వంతు చొప్పున తగ్గిస్తారు. ఒకేసారి ఆపితే తలతిరుగుడు, విద్యుత్తు తగిలినట్టు జివ్వుమనడం రావచ్చు, జబ్బూ తిరగబెట్టవచ్చు. ఈఆర్‌పీ కూడా చేసుకున్నవాళ్ళకు తిరగబెట్టే అవకాశం తక్కువ. మీకిప్పుడు మందు మార్చక్కర్లేదు. అదే మందును మళ్ళీ మొదలుపెట్టి సరైన మోతాదుకు తీసుకెళ్ళమని డాక్టరును అడగండి.

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్ళు. రోజుకు వంద సార్లు అడుగుతాడు: "అమ్మా, నాకేం కాదుగా? పాలు పాడవలేదుగా?" చెప్పకపోతే ఏడుస్తాడు. చెప్తే రెండు నిమిషాలు బాగుంటాడు. నేనేం చేయాలి?
– పటమట, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరి రెండు వాక్యాల్లోనే జబ్బు స్వరూపం మొత్తం ఉంది. మీ జవాబే వాడికి సబ్బు. ఒకరు చేతులు కడిగినట్టు, వాడు మీచేత "ఏం కాదు నాన్నా" అనిపించుకుంటున్నాడు.

ఒక్కసారిగా మానేయకండి. అది వాడికి శిక్షలా తోస్తుంది, కేకలతో మొదలై మీరు లొంగిపోవడంతో ముగుస్తుంది. లొంగిపోతే ఇంకా గట్టిగా ఏడవాలని నేర్చుకుంటాడు. ముందు బాబు బాగున్న వేళ కూర్చోబెట్టి చెప్పండి: "నీ బుర్రలో ఒక అబద్ధాల గంట మోగుతోంది. దానికి మనిద్దరం కలిసి జవాబు చెప్పడం తగ్గిద్దాం." దానికి వాణ్ణే ఒక పేరు పెట్టమనండి. తరువాత రోజుకు పది చీటీలు ఇవ్వండి, ఒక్కో ప్రశ్నకు ఒక చీటీ. చీటీలు అయిపోయాక అడిగితే, "ఇది గంట అడుగుతోంది నాన్నా. నీకు భయంగా ఉందని తెలుసు, పక్కనే కూర్చుంటాను, జవాబు మాత్రం చెప్పను" అనండి. మూడు నాలుగు రోజులకోసారి ఒక చీటీ తగ్గించండి. నాన్న, అమ్మమ్మ, ట్యూషను మాస్టారు అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఇంట్లో ఒక్కరు మెత్తబడినా వాడు అక్కడికే వెళ్తాడు. మొదటి వారం ప్రశ్నలు పెరుగుతాయి. వైద్యం తప్పుదారి పట్టిందని కంగారుపడకండి, ప్రతి ఇంట్లోనూ అలాగే జరుగుతుంది.

పిల్లల డాక్టరుతోనో సైకియాట్రిస్టుతోనో మాట్లాడేటప్పుడు కళ్ళు కొట్టడం, భుజాలు ఎగరేయడం, గొంతు సవరించడం లాంటి టిక్స్ ఉన్నాయా, గొంతునొప్పి జ్వరం వచ్చిన కొద్దిరోజుల్లో ఇదంతా ఒక్కసారిగా మొదలైందా అన్నవి చెప్పండి. వైద్యం ఎంచుకోవడంలో ఆ రెండూ లెక్కకొస్తాయి.

ప్రశ్న: ఎక్కడ చూపించుకోవాలి? ఖర్చు ఎక్కువా? మా వాళ్ళు ముందు తాయెత్తు కట్టిద్దామంటున్నారు.
– పొన్నూరు

జవాబు: విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ ఓపీ ఉంది. ఎస్ఎస్ఆర్ఐలు ఖరీదైన మందులు కావు, జనరిక్ రూపంలో ఇంకా చవక. ఖర్చూ ఇబ్బందీ ఎక్కువగా ఈఆర్‌పీ తెలిసిన మనిషిని వెతుక్కోవడంలోనే. సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు సూటిగా అడగండి: "మీరు ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా? ఇంటికి రోజువారీ అభ్యాసం ఇస్తారా?" రిలాక్సేషను, ధైర్యం మాటలు, "ఆ ఆలోచన రాగానే వద్దు అనుకోండి" అన్న సలహా మాత్రమే ఇస్తామంటే వేరే చోటు చూసుకోండి. ఏ మందుకూ లొంగని కేసులకు బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ ఉంది.

ఆరోగ్య బీమా ఉంటే మానసిక జబ్బు అన్న కారణంతో తిరస్కరించడానికి వీల్లేదు. శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది. పాలసీలో ఓపీ ఖర్చు ఇస్తారో, ఆస్పత్రిలో చేరితేనే ఇస్తారో చదివి చూసుకోండి.

తాయెత్తు కట్టుకుంటే మాకేమీ అభ్యంతరం లేదు, దానికోసం డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజును వాయిదా వేయకండి. మొదటిసారి వెళ్ళేటప్పుడు వారం రోజుల రాతల పుస్తకం, ఇంతకుముందు వాడిన మందుల పేర్లు, ఏ మోతాదులో ఎన్ని వారాలు వాడారన్న వివరం, ఇంట్లో రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇలాంటి బాధ ఉందా అన్న సంగతి కాగితం మీద రాసి తీసుకెళ్ళండి.